చెమట పట్టిన సభ

ధర్మరాజు ద్రౌపదిని పందెంగా ఒడ్డినప్పుడు కౌరవసభ ఎలా ఉందో వ్యాసుడు సభాపర్వంలో నాలుగు మాటల్లో చెప్పేశాడు. పెద్దలు ఛీ ఛీ అన్నారు. భీష్ముడికి, ద్రోణుడికి, కృపుడికి చెమటలు పట్టాయి. విదురుడు తల పట్టుకుని, ముఖం దించుకుని కూర్చుండిపోయాడు. ధృతరాష్ట్రుడు మాత్రం సంతోషం దాచుకోలేక ‘గెలిచామా, గెలిచామా’ అని పదే పదే అడిగాడు.

నీతి, అధికారం, అంతరాత్మ గురించి మాట్లాడుకునేటప్పుడు ఆ చెమట దగ్గర కాసేపు ఆగాలి. అన్యాయం జరుగుతుంటే చూస్తూ ఊరుకున్నవాళ్లకు మనస్సాక్షి లేదని తేల్చేయడం మనకు అలవాటు. కౌరవసభలో మనస్సాక్షికి కొదవ లేదు. జరుగుతున్నది తప్పని పెద్దలకు తెలుసు, వాళ్ల ఒళ్లే ఆ మాట చెప్పింది. అయినా పందెం ఆగలేదు, ఆమెను జుట్టు పట్టుకుని సభకు ఈడ్చుకురావడమూ ఆగలేదు. లోపల పుట్టిన బాధ బయట అడ్డుగా ఎందుకు నిలబడలేకపోయిందన్నదే ఇక్కడ తేల్చుకోవాల్సిన ప్రశ్న. భారతం దీనికి చాలా వివరంగా జవాబు చెబుతుంది. 1961లో అమెరికాలో మొదలైన ఒక ప్రయోగం, 1976లో మన సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు, 2008లో హైదరాబాద్ కంపెనీ బోర్డు చేసిన ఒక తీర్మానం అదే జవాబును వేరే దిక్కుల నుంచి చూపిస్తాయి.

ఆజ్ఞ చేతులు మారిన తీరు

ద్రౌపదిని సభకు తెచ్చింది దుశ్శాసనుడని అందరికీ గుర్తుంటుంది. కానీ ఆ పని అతడికంటే ముందు ఇద్దరికి అప్పగించారు. దుర్యోధనుడు మొదట విదురుణ్ని వెళ్లమన్నాడు. విదురుడు ముఖం మీదే కాదన్నాడు. అంతేకాదు, తనను తాను ఓడిపోయిన తర్వాత ఒడ్డాడు కాబట్టి ధర్మరాజుకు ఆమె మీద అధికారం లేదని, ఆమె దాసి కాలేదని కూడా అప్పుడే చెప్పాడు. అంటే ద్రౌపది ఇంకా ప్రశ్న అడగకముందే సభలో దానికి జవాబు వచ్చేసింది. దుర్యోధనుడు విదురుణ్ని తిట్టి ప్రాతికామి వైపు తిరిగాడు.

ఈ ప్రాతికామి సూతుడు, కబురు మోసే కొలువువాడు. సభలో అందరికంటే చిన్న హోదా అతడిది. వెళ్లాడు. ‘నువ్వు ముందు నిన్ను ఓడిపోయావా, నన్ను ఓడిపోయావా అని ఆ జూదరినే అడిగి రా’ అంది ద్రౌపది. ఆ ప్రశ్న మోసుకుని సభకు తిరిగొచ్చాడు. ధర్మరాజు ప్రాణం లేనివాడిలా పలకలేదు. ఆమెనే వచ్చి అడగమన్నాడు దుర్యోధనుడు. ప్రాతికామి మళ్లీ వెళ్లాడు, మళ్లీ వచ్చాడు. మూడోసారి వెళ్లమన్నప్పుడు రాజును పక్కనపెట్టి సభనే అడిగాడు: ‘ఆమెకు ఏమని చెప్పను?’ అప్పుడుగానీ దుశ్శాసనుడి వంతు రాలేదు.

భీష్మద్రోణులు చేయలేనిదాంట్లో కొంత ఈ సేవకుడు చేశాడు. నేను చేయనని అతడు అనలేదు, అనగలిగే స్థితి కాదు అతడిది. ప్రశ్న సమాధానం లేకుండా మిగిలి ఉందని సభకు పదే పదే గుర్తుచేశాడు. విదురుడి తిరస్కారం ఎంత స్పష్టంగా ఉన్నా, దాంతో ఆజ్ఞ ఆగలేదు, పక్కచేతికి మారింది. అధికారానికి ఉన్న పెద్ద సౌకర్యం ఇదే. ఒకడు కాదంటే పని చెడదు, రెండోవాడో మూడోవాడో దొరుకుతాడు. పెద్ద హోదాలో ఉన్నవాడు తన చేయి వెనక్కి తీసుకుని అక్కడితో బాధ్యత తీరిందనుకుంటే, ఆ బరువు తనకంటే చిన్నవాడి నెత్తిన పడుతుంది.

సందేహం ఎవరి ఖాతాలో పడింది

సభలో నిలబడి ద్రౌపది అదే ప్రశ్న వేసినప్పుడు భీష్ముడు చెప్పిన మాట చాలా ప్రసిద్ధం. ధర్మం సూక్ష్మం కాబట్టి నీ ప్రశ్నకు సరైన జవాబు చెప్పలేకపోతున్నానన్నాడు. ఇది తప్పించుకునే మాటేనని చాలామంది కొట్టిపారేస్తారు. కొంచెం ఓపిగ్గా చూస్తే అందులో నిజమైన చిక్కు ఉంది. ఒకవైపు, తనకు తానే యజమాని కానివాడు పరుల సొత్తు ఒడ్డలేడన్న నియమం. మరోవైపు, భార్య ఎప్పుడూ భర్త వశంలోనే ఉంటుందన్న ఆనాటి నియమం. మొదటిది పట్టుకుంటే పందెం చెల్లదు, రెండోది పట్టుకుంటే చెల్లుతుంది. భీష్ముడికి సందేహం నిజంగానే కలిగి ఉండవచ్చు.

తప్పు ఆ తర్వాత జరిగింది. తీర్పు తేలనంతవరకు చేయి వేయకూడదని ఆయన అనలేదు. ఈనాటి కోర్టు భాషలో చెప్పాలంటే, తీర్పు ఇవ్వలేనప్పుడు కనీసం స్టే ఇవ్వాలి. విషయం తేలేదాకా ఆమె అంతఃపురంలోనే ఉంటుందని కురువృద్ధుడు ఒక్కమాట అంటే సరిపోయేది, ధర్మసూక్ష్మాన్ని తీరిగ్గా తర్వాత చర్చించుకోవచ్చు. సందేహం చెప్పి ఊరుకోవడంతో ఆ సందేహం లాభమంతా బలవంతుడికి దక్కింది. ‘ఇందులో రెండు వాదాలున్నాయి’ అని ఎవరు ఎప్పుడు అన్నా ఇది చూసుకోవాలి: వాదాలు తేలేలోపు దెబ్బ ఎవరి మీద పడుతోంది?

కాసేపటికి భీష్ముడు మరో మాట కూడా అన్నాడు. బలవంతుడు దేన్ని ధర్మంగా చూస్తే లోకం దాన్నే ధర్మమంటుందన్నాడు. ఈ ప్రశ్నకు ధర్మరాజే ప్రమాణమని బంతి అటు విసిరాడు. దుర్యోధనుడు ఇంకా తెలివిగా దాన్ని భీమార్జున నకుల సహదేవుల మీదికి తోశాడు. ధర్మరాజు తమకు యజమాని కాడని తమ్ముళ్లే చెబితే ఆమెను వదిలేస్తానన్నాడు. అన్నను కాదంటే ఆమెకు విడుదల, కాదనకపోతే ఆమెకు దాస్యం. తీర్పు చెప్పాల్సిన సభ పక్కకు తప్పుకుంది, నష్టపోయినవాళ్ల మీదే తీర్పు భారం పడింది. అర్జునుడు తెగించి, తనను తాను ఓడిన తర్వాత ఆయన ఎవరికి యజమానో కురువులే తేల్చాలని బంతిని తిరిగి సభకే పంపాడు.

వికర్ణుడి నాలుగు కారణాలు

వికర్ణుడు దుర్యోధనుడి తమ్ముడు, వయసులో చిన్నవాడు. పెద్దలెవరూ పలకకపోవడంతో లేచి, నలుగురూ తమ అభిప్రాయం చెప్పమని సభను ముందు బతిమాలాడు. ఎవరూ నోరు మెదపలేదు. అప్పుడు తన అభిప్రాయం తానే చెప్పాడు. గుండె మండి అరిచిన అరుపు కాదది, వరస తప్పని వాదన. వేట, మద్యం, జూదం, స్త్రీలోలత్వం రాజులకు నాలుగు వ్యసనాలని, వ్యసనంలో మునిగి చేసిన పనిని లోకం లెక్కలోకి తీసుకోదని మొదలుపెట్టాడు. ద్రౌపది అయిదుగురికీ భార్య, ఒక్కడు ఆమెను ఒడ్డలేడన్నాడు. ధర్మరాజు తనను ముందే ఓడిపోయాడన్నాడు. ఆమెను పందెం పెట్టమని సూచించింది ధర్మరాజు కాదు, గెలవబోయే శకుని అన్నాడు. కాబట్టి ఆమెను గెలవలేదని తేల్చాడు.

సభ మొత్తం హోరెత్తింది. వికర్ణుణ్ని పొగిడారు, శకునిని తిట్టారు. ఇది ముఖ్యం: సభకు సరైన అభిప్రాయం ఉంది, అది గొంతులోంచి బయటికీ వచ్చింది. కానీ గోలగా వచ్చింది. ఎవరి పేరూ లేని గోల అది. గోల సద్దుమణిగాక కర్ణుడు లేచి వికర్ణుడి చేయి పట్టుకున్నాడు. అతడు చేసిన ఖండనలో మొదటి అస్త్రం వాదన కాదు, వయసు. ఇంతమంది పెద్దలు ఊరుకుంటే చిన్నపిల్లవాడివి నీకేం తెలుసన్నాడు. పెద్దల మౌనమే వికర్ణుడికి వ్యతిరేక సాక్ష్యమైంది. భీష్ముడు తటస్థంగా ఉన్నానని అనుకుని ఉండవచ్చు. కర్ణుడి నోట ఆ తటస్థత దుర్యోధనుడి పక్షాన పడ్డ ఓటు అయింది. ఆ తర్వాతే ఆమె బట్టలు ఒలవమన్న ఆజ్ఞ వచ్చింది.

పాపం పంపకాలు

ఆ తర్వాత విదురుడు మళ్లీ మాట్లాడి ప్రహ్లాదుడి కథ చెప్పాడు. ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడికి, అంగిరసుడి కొడుకు సుధన్వుడికి ఎవరు గొప్ప అని పందెం పడింది, ప్రాణాలే ఒడ్డారు. తీర్పు చెప్పాల్సింది ప్రహ్లాదుడు. సొంత కొడుకు ప్రాణం మీదికొచ్చేసరికి తటపటాయించి కశ్యపుణ్ని సలహా అడిగాడు. కశ్యపుడు లెక్క గీసి చెప్పాడు. సభలో నిందించాల్సినదాన్ని నిందించకపోతే ఆ పాపంలో సగం సభకు పెద్దగా ఉన్నవాడికి, పావు వంతు చేసినవాడికి, మిగిలిన పావు నోరెత్తని సభ్యులకు చెందుతుంది. ప్రహ్లాదుడు కొడుకుకు వ్యతిరేకంగానే తీర్పిచ్చాడు.

మనుస్మృతిలో ఇలాంటి లెక్కే ఇంకోలా ఉంది: చేసినవాడికి పావు, సాక్షికి పావు, సభ్యులందరికీ పావు, రాజుకు పావు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు అందరికీ సమానంగా పంచేస్తుంది. కశ్యపుడి లెక్క దానికంటే కచ్చితం, న్యాయం కూడా. చేసినవాడి వాటాకు రెండింతలు పీఠం మీద కూర్చున్నవాడికి వేసింది. ఆపగలిగే శక్తి ఎంత ఎక్కువుంటే వాటా అంత ఎక్కువ. ఉద్యోగపర్వంలో కౌరవసభకు రాయబారిగా వెళ్లిన కృష్ణుడి చేత తిక్కన పలికించిన ‘సారపు ధర్మమున్’ పద్యం తెలుగునాట తెలియనివారు అరుదు. ‘దక్షులెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు’ అన్న మాట కూడా ఇదే లెక్క మీద నిలబడుతుంది. చూస్తున్నవాళ్లందరినీ ఒకే గాటన కట్టలేదు తిక్కన, చేయగలిగి చేయనివాళ్లను వేరు చేసి చెప్పాడు.

చెమటను కొలిచిన ప్రయోగం

1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ మొదలుపెట్టిన ప్రయోగాల గురించి చాలామంది వినే ఉంటారు. జ్ఞాపకశక్తి మీద శిక్ష ప్రభావం చూస్తున్నామని చెప్పి మనుషుల్ని పిలిచారు. తప్పు జవాబు చెప్పిన ప్రతిసారీ పక్కగదిలోని వ్యక్తికి కరెంటు షాక్ ఇవ్వాలి. యంత్రం మీద 30 మీటలు, 15 వోల్టుల నుంచి 450 వోల్టుల దాకా, ఒక్కో మెట్టు 15 వోల్టులు. నిజానికి షాకులు ఉత్తుత్తివి, అరిచేవాడు నటుడు. ఆపబోతే పక్కనున్న ప్రయోగకర్త ‘కొనసాగించండి’ అన్న అర్థం వచ్చే నాలుగు వాక్యాలు వరసగా చెబుతాడు, అంతకుమించి బలవంతం లేదు. 1963లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 40 మందిలో 26 మంది, అంటే 65 శాతం, చివరి మీటదాకా వెళ్లారు.

ఆ శాతం అందరికీ తెలుసు. అంతగా చెప్పుకోని సంగతి, వాళ్లు ఎలా వెళ్లారన్నది. చెమటలు కక్కారు, వణికారు, నత్తిగా మాట్లాడారు, పెదవులు కొరుక్కున్నారు. ఆపేద్దామని మధ్యలో అన్నారు, అని మళ్లీ మీట నొక్కారు. వాళ్లు రాక్షసులు కారు. ఒక్కసారిగా 450 వోల్టులు ఇమ్మంటే చాలామంది లేచిపోయేవారే. మెట్టుకు మెట్టుకు తేడా 15 వోల్టులే కావడంతో, 195 దగ్గర నొక్కినవాడికి 210 దగ్గర ఆగడానికి కారణం దొరకలేదు. ఇక్కడ ఆగితే ఇంతకుముందు చేసింది తప్పని ఒప్పుకోవాలి. జూదంలోనూ అంతే. సంపద, రాజ్యం, నకులుడు, సహదేవుడు, అర్జునుడు, భీముడు, తర్వాత తాను, చివరికి ద్రౌపది. ఏ మెట్టు దగ్గర ఎవరు ఆపాలన్నా కిందటి మెట్టు దగ్గర ఎందుకు ఆపలేదన్న ప్రశ్న వస్తుంది. అందుకే మొదటి అభ్యంతరం ఎంత తొందరగా వస్తే అంత తేలిక.

మిల్‌గ్రామ్ పరిస్థితులు మార్చి మార్చి చూశాడు. మీట నొక్కే పని ఇంకొకరిది, మనిషికి పక్కపని మాత్రమే ఇచ్చినప్పుడు 40 మందిలో 37 మంది చివరిదాకా ఉన్నారు. ప్రయోగకర్త గదిలోంచి వెళ్లి ఫోన్లో ఆజ్ఞలిస్తే పాటించినవాళ్లు అయిదో వంతుకు పడిపోయారు. పక్కనే మరో ఇద్దరు తోటి ‘ఉపాధ్యాయులు’ (ప్రయోగంలో షాక్ ఇచ్చే పాత్రకు పెట్టిన పేరు) ఉండి, ఒకరు 150 వోల్టుల దగ్గర, ఇంకొకరు 210 దగ్గర మేం చేయమని లేచిపోతే, చివరిదాకా వెళ్లినవాళ్లు 40 మందిలో నలుగురే. ఇద్దరు ప్రయోగకర్తలు ఒకరు ఆపమని, ఒకరు కొనసాగించమని వాదులాడుకున్నప్పుడైతే ఒక్కరూ చివరిదాకా వెళ్లలేదు.

ఈ ప్రయోగాల మీద గట్టి విమర్శలున్నాయి. మనుషుల్ని మోసగించి మానసిక యాతన పెట్టడం తప్పని అప్పుడే అన్నారు. షాకులు నిజం కావని కొందరు పసిగట్టారని, ప్రయోగకర్త కొన్నిసార్లు నిర్ణీత వాక్యాలు దాటి ఒత్తిడి చేశాడని తర్వాత దొరికిన రికార్డులు చెబుతున్నాయి. కాబట్టి 65 అన్న అంకెను మానవస్వభావం మీద ముద్రలా వాడకూడదు. పరిస్థితి మారితే అంకె ఎంత మారిందన్నదే విలువైన సంగతి. అంతకు పదేళ్ల ముందు మనస్తత్వవేత్త సాలమన్ ఆష్ గీతల పొడవు మీద చేసిన ప్రయోగాలూ ఇటే చూపిస్తాయి. అందరూ కూడబలుక్కుని తప్పు చెబుతుంటే మనిషి తన కళ్లను తానే నమ్మలేక తడబడతాడు. ఒక్క తోడు దొరికితే తడబాటు నాలుగో వంతుకు తగ్గుతుంది. ఆ తోడు మధ్యలో అటువైపు చేరిపోతే మళ్లీ పెరుగుతుంది.

వికర్ణుడికి దొరకనిది ఇదే. విదురుడు ఇటువైపే, కానీ అతడిది దాసీపుత్రుడిగా తీసిపారేసే గొంతు. హోదా ఉన్న రెండో గొంతు, భీష్ముడిదో ద్రోణుడిదో, పేరుతో సహా లేచి ‘వికర్ణుడు చెప్పింది నా అభిప్రాయం కూడా’ అని ఉంటే కర్ణుడు వయసు మాట ఎత్తలేడు. మొదటి గొంతుకు ధైర్యం కావాలి. రెండో గొంతుకు అంత అక్కర్లేదు, వేళకు లేవడం చాలు. సభలో ఎక్కువమంది చేయగలిగింది ఆ రెండోదే, చేయకుండా వదిలేసిందీ ఆ రెండోదే.

1976 ఏప్రిల్ 28

ఎమర్జెన్సీ 1975 జూన్ 25న వచ్చింది. రెండు రోజులకు రాష్ట్రపతి ఉత్తర్వు సమానత్వం, ప్రాణం-స్వేచ్ఛ, అరెస్టు నుంచి రక్షణలకు చెందిన 14, 21, 22 అధికరణాల కింద కోర్టుకు వెళ్లే హక్కును నిలిపేసింది. విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద జైల్లో పడ్డవాళ్లు, ఆ నిర్బంధం చట్టబద్ధమో కాదో తేల్చమని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్లు వేశారు. తొమ్మిది హైకోర్టులు ఆ పిటిషన్లు వినదగినవేనన్నాయి. జబల్‌పూర్ ఏడీఎం (అదనపు జిల్లా మేజిస్ట్రేట్) కేసుగా అది సుప్రీంకోర్టుకు వచ్చింది. అయిదుగురు న్యాయమూర్తులు: ఎ.ఎన్. రే, హెచ్.ఆర్. ఖన్నా, ఎం.హెచ్. బేగ్, వై.వి. చంద్రచూడ్, పి.ఎన్. భగవతి.

వ్యక్తిగత కక్షతో ఒక పోలీసు అధికారి మనిషిని చంపేస్తే అప్పుడైనా కోర్టుకు వెళ్లవచ్చా అని విచారణలో ఖన్నా అడిగారు. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం తన వాదన ప్రకారం దారి లేదని అటార్నీ జనరల్ నిరేన్ డే ఒప్పుకున్నారు. ప్రభుత్వ వాదన ఎక్కడిదాకా పోతుందో ఆ ఒక్క జవాబుతో బట్టబయలైంది. అయినా 1976 ఏప్రిల్ 28న వచ్చిన తీర్పులో నలుగురు ప్రభుత్వ పక్షాన నిలిచారు. ఖన్నా ఒక్కరే కాదన్నారు.

ఆయన భిన్నాభిప్రాయం ఎలా కట్టారో చూడాలి. నా మనసు ఒప్పుకోవడం లేదని రాయలేదు. ప్రాణం, స్వేచ్ఛ 21వ అధికరణం దయతో పుట్టినవి కావని, రాజ్యాంగానికి ముందు నుంచీ చట్టం అనుమతి లేకుండా ఎవరి స్వేచ్ఛనూ హరించే అధికారం ప్రభుత్వానికి లేదని, చట్టబద్ధ పాలన అంటే అదేనని వాదన మీద వాదన పేర్చారు. వికర్ణుడి పద్ధతీ ఇదే. సభ ఒప్పుకునే నియమాలతోనే సభ చేస్తున్నది తప్పని చూపించడం. అంతరాత్మను అంతరాత్మగానే చెబితే ‘అది నీ అభిప్రాయం’ అని కొట్టేయడం తేలిక, నియమంగా చెబితే కొట్టేయడానికి కనీసం కష్టపడాలి. ఆ కష్టం భావితరానికి ఆధారంగా మిగులుతుంది.

ఆ ధర్మాసనం మీద కూర్చున్న ప్రతివాళ్లకూ అసమ్మతి ఖరీదు తెలుసు. 1973లో, రాజ్యాంగాన్ని సవరించే పార్లమెంటు అధికారానికి హద్దులున్నాయన్న కేశవానంద భారతి తీర్పు వచ్చిన వెంటనే, ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పిచ్చిన ముగ్గురు సీనియర్లను దాటించి రేను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఆ ముగ్గురూ రాజీనామా చేశారు. 1977 జనవరిలో ఖన్నా వంతు వచ్చింది. సీనియర్ అయిన ఆయనను కాదని బేగ్‌ను నియమించారు. ఖన్నా రాజీనామా చేశారు.

1978లో 44వ సవరణ వచ్చి, ఎమర్జెన్సీలో కూడా 20, 21 అధికరణాలను నిలిపేయకూడదని రాజ్యాంగంలోనే రాసింది. 2017 ఆగస్టు 24న గోప్యత హక్కుకు చెందిన పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 1976 తీర్పును కొట్టివేసింది. ఆ మాటలు రాసింది డి.వై. చంద్రచూడ్, నాటి తీర్పులో మెజారిటీ వైపున్న వై.వి. చంద్రచూడ్ కుమారుడు. భగవతి తన తీర్పు తప్పని తర్వాతి కాలంలో బహిరంగంగానే ఒప్పుకున్నారు. అంతా సర్దుకుందని సంతోషించడానికి లేదు. 41 ఏళ్ల తర్వాత వచ్చిన దిద్దుబాటు 1976లో జైల్లో ఉన్నవాళ్లలో ఒక్కరినీ ఒక్కరోజు ముందు బయటికి తేలేదు. ఖన్నాకు అప్పుడు రెండో గొంతు దొరికినా తీర్పు 3-2గా ప్రభుత్వ పక్షమే అయ్యేది. కానీ ఒంటరి ఖన్నాను పక్కన పెట్టినంత తేలిగ్గా ఇద్దరిని పక్కన పెట్టడం కుదిరేది కాదు.

ప్రశ్నలడిగి చేయెత్తిన బోర్డు

2008 డిసెంబర్ 16న హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ బోర్డు సమావేశమైంది. ప్రమోటర్ల (స్థాపకుల) కుటుంబానికే చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌ను 130 కోట్ల డాలర్లకు పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని 30 కోట్ల డాలర్లకు కొనాలన్నది ప్రతిపాదన. ప్రమోటర్లతో సంబంధం లేకుండా ఉండాల్సిన స్వతంత్ర డైరెక్టర్లు మామూలు మనుషులు కారు, పేరున్నవాళ్లు, చదువుకున్నవాళ్లు. విలువ ఎలా కట్టారు, సాఫ్ట్‌వేర్ కంపెనీకి భూముల వ్యాపారం ఎందుకు అన్న తరహా ప్రశ్నలు అడిగారు కూడా. అడిగాక తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించారు. అడ్డుపడింది మదుపుదారులు. షేరు ధర కుప్పకూలడంతో కొన్ని గంటల్లోనే ఆ ఒప్పందం రద్దయింది. 2009 జనవరి 7న ఛైర్మన్ రాసిన లేఖతో లెక్కల మోసం బయటపడింది. ఖాతాల్లో ఉన్నట్టు చూపిన సొమ్ములో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవు.

ప్రశ్న అడగడం, తర్వాత చేయెత్తడం. భీష్ముడు సందేహం చెప్పి ఊరుకున్నట్టే ఇది. అడిగిన ప్రశ్న అడిగినవాడి మనసుకు ఊరట ఇస్తుంది, నా వంతు చేశాననిపిస్తుంది. ఆ ఊరటే ప్రమాదం. ప్రశ్నకు జవాబు రాకముందే ఓటు వేస్తే ప్రశ్న విలువ సున్నా.

2013 కంపెనీల చట్టం ఇక్కడ కొన్ని మేకులు దిగ్గొట్టింది. సమావేశం రికార్డు అయిన మినిట్స్‌లో, బోర్డు తీర్మానాన్ని వ్యతిరేకించిన, అంగీకరించని డైరెక్టర్ల పేర్లు రాయాలని 118వ సెక్షన్ అంటుంది. తన ఆందోళన తీరకపోతే దాన్ని మినిట్స్‌లో ఎక్కించమని పట్టుబట్టడం స్వతంత్ర డైరెక్టర్ విధి అని నాలుగో షెడ్యూల్ చెబుతుంది. బోర్డు సమావేశాల నిర్వహణకు నిర్దేశించిన సెక్రటేరియల్ స్టాండర్డ్స్ ప్రకారం ముసాయిదా మినిట్స్ సమావేశం ముగిసిన 15 రోజుల్లో డైరెక్టర్లకు అందాలి, వాళ్లు 7 రోజుల్లో అభ్యంతరం తెలపవచ్చు. అసమ్మతి చాలాసార్లు చచ్చిపోయేది ఆ ఏడు రోజుల్లోనే. సమావేశంలో గట్టిగా మాట్లాడినవాడు, ముసాయిదాలో తన మాట ‘సుదీర్ఘ చర్చ అనంతరం’ అన్న మూడు పదాలుగా కుదించి ఉన్నా ఊరుకుంటాడు. బోర్డు ప్రక్రియ ద్వారా తనకు తెలిసిన తప్పును ఒప్పుకున్నా, శ్రద్ధ చూపకపోయినా స్వతంత్ర డైరెక్టర్ బాధ్యుడే అంటుంది అదే చట్టంలోని 149(12) సెక్షన్. కశ్యపుడు నోరెత్తని సభ్యులకు వేసిన పావు వాటాకు ఇది ఈనాటి చట్టరూపం.

ఆఫీసులో మనస్సాక్షి

సర్కారు ఆఫీసుల్లో తప్పుడు ఆజ్ఞ కాగితం మీద రాదు. నోటిమాటగానో, ఫోన్లోనో, ‘పైవాళ్లు అనుకుంటున్నారు’ అన్న రూపంలోనో వస్తుంది. ఐఏఎస్, ఐపీఎస్ లాంటి ఆలిండియా సర్వీసుల ప్రవర్తనా నియమావళి, 1968లో 3(3) నియమం ప్రకారం పైఅధికారి ఆదేశం మామూలుగా రాతలోనే ఉండాలి. తప్పనిసరై నోటితో చెబితే వెంటనే రాతలో ధ్రువీకరించాలి, కింది అధికారి కూడా ఆ ధ్రువీకరణ అడిగి తీసుకోవాలి. 2013 అక్టోబర్ 31న టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు నోటి ఆదేశాల మీద అధికారులు నడవకూడదని మళ్లీ చెప్పింది.

రాతలో ఇవ్వమని అడగడం ప్రాతికామి చేసిన పని లాంటిదే. ఎదురు తిరగడం కాదు, నియమం పాటించడం. ‘ఈ రోజు ఫలానా సమయానికి మీరు ఫలానా ఫైలు విషయంలో ఇలా ఆదేశించారు, దయచేసి ధ్రువీకరించగలరు’ అని మర్యాదగా రెండు వాక్యాలు రాస్తే సగం తప్పుడు ఆజ్ఞలు అక్కడే ఆవిరైపోతాయి. మిగతా సగం రాతలో వస్తాయి. అప్పుడు ఫైలు మీద నోట్ రాయాలి. నియమం నంబరు, దాని ప్రకారం ఏది కుదరదో, కుదిరే ప్రత్యామ్నాయం ఏమిటో, అంతే. పైవాడి ఉద్దేశాల మీద వ్యాఖ్య రాస్తే నోట్ బలం పోతుంది, విషయం వదిలి మనిషి మీదికి చర్చ మళ్లుతుంది. నోట్ రాశాక సంతకం పక్కన తేదీ తప్పనిసరి. నిర్ణయం జరిగిపోయాక రాసిన అసమ్మతి ఆత్మరక్షణలా కనిపిస్తుంది, చాలాసార్లు అదే నిజం కూడా.

వెనుక రక్షణ లేకుండా ఇదంతా ఒంటరివాణ్ని చేయమనడం కూడా ఒక తరహా అన్యాయమే. జాతీయ రహదారుల పనుల్లో అక్రమాలపై ప్రధాని కార్యాలయానికి లేఖ రాసి, తన పేరు గోప్యంగా ఉంచమని కోరిన ఇంజనీరు సత్యేంద్ర దూబే 2003 నవంబర్‌లో గయలో హత్యకు గురయ్యారు. ఆ లేఖ పేరుతో సహా ఆఫీసులు తిరిగింది. ఆ హత్య రేపిన ఆగ్రహం, అక్రమాలు బయటపెట్టేవాళ్ల కోసం ఉద్దేశించిన విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టం దాకా నడిపింది. అది 2014లో పార్లమెంటు దాటింది కానీ, ఏళ్లు గడిచినా అమల్లోకి తేలేదు. సభ నడిపేవాళ్లు రెండో గొంతుకు చోటు కల్పించకుండా మొదటి గొంతును త్యాగానికి పిలుస్తుంటే, కశ్యపుడి లెక్కలో ఆ సగం వాటా ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

అంతరాత్మకు కనిపించనివాళ్లు

వికర్ణుణ్ని ఎంత మెచ్చుకున్నా అతడి వాదనకు హద్దులున్నాయి. స్త్రీని పందెం ఒడ్డకూడదని అతడు అనలేదు. ఈ స్త్రీని, ఈ పరిస్థితిలో, ఈ పందెంలో గెలవలేదన్నాడంతే. యుద్ధం వచ్చినప్పుడు ధర్మరాజు పిలుపు విని పాండవుల వైపు వెళ్లిపోయింది ధృతరాష్ట్రుడి మరో కొడుకు యుయుత్సుడు. వికర్ణుడు అన్నవైపే ఉండి పోరాడి ద్రోణపర్వంలో భీముడి చేతిలో చచ్చిపోయాడు. ఒక పూట సభలో లేచిన గొంతు జీవితకాలపు పక్షంగా మారాలన్న నియమం ఏమీ లేదు.

ఇంకో సంగతి, చాలామంది దృష్టికి రానిది, అదే జూదంలో అదే రోజు జరిగింది. తమ్ముళ్ల దాకా రాకముందే ధర్మరాజు లక్షమంది దాసీలను పందెం ఒడ్డి ఓడిపోయాడు. పడుచువాళ్లని, ఆటపాటల్లో, సేవలో నేర్పరులని, మెడలో ఏ నగలున్నాయో కూడా వర్ణించి మరీ ఒడ్డాడు. ఎవరికీ చెమట పట్టలేదు. పెద్దలు ఛీ అనలేదు. వ్యసనంలో చేసిన పని చెల్లదన్న వికర్ణుడి మొదటి కారణం ఆ దాసీలకూ అక్షరాలా వర్తిస్తుంది, అతడి వాదన మాత్రం అక్కడిదాకా పోలేదు. చివరికి ధృతరాష్ట్రుడు వరాలు కోరుకోమంటే ద్రౌపది కోరిన రెండు వరాల్లో మొదటిది ధర్మరాజు విడుదల, తన కొడుకు ప్రతివింధ్యుణ్ని ఎవరూ దాసపుత్రుడు అనకూడదని. రెండోది మిగతా నలుగురి విడుదల, రథాలతో, విల్లులతో సహా. మూడో వరం వద్దంది. ధృతరాష్ట్రుడు ఆ తర్వాత రాజ్యం, సంపద మొత్తం తిరిగి ఇచ్చేశాడు, ఆ లక్షమందీ ఏనుగులు, గుర్రాలు, రథాలు ఉన్న ఆ జాబితాలోనే వెనక్కి వెళ్లారు.